ఆవాల చిటపట

పొద్దున్నే లాస్య మామ్మ వేళ్లు బిగుసుకుపోయి కాఫీ గ్లాసు కూడా పట్టవు. అయినా ఇబ్బంది లేదు, జాకెట్టు హుక్కులు వాటంతటవే పడతాయి. పై హుక్కుకైతే చెవులు కూడా ఉన్నాయి. రోగాల నుంచి ఒంటిని కాపాడాల్సిన లోపలి బలగమే ఎదురు తిరిగి, ముందు కీళ్ల మీద, తర్వాత ఊపిరితిత్తుల మీద పడ్డవాళ్లందరికీ తెనాలిలో ఇప్పుడు అలాంటి హుక్కే. ఊపిరిలో చిటపట వినిపిస్తే చాలు, ఆసుపత్రికి కబురు పెడుతుంది.

చిక్కల్లా పోపుతోనే. ఆవాలు చిటపటలాడితే హుక్కు కంగారు పడిపోయేది. మొదట్లో పప్పు దించేలోపే నర్సు ఎస్తేరు ఆక్సిజన్‌తో గుమ్మంలో దిగేది. ఎలాగూ వచ్చింది కదా అని నాలుగు ముద్దలు తిని వెళ్లేది. రానురాను రావడం మానేసి, ఆసుపత్రి నుంచే, వంటింటి గోడలోని స్పీకర్లోంచి "ఇవాళేం కూర మామ్మగారూ?" అని అడిగి ఊరుకునేది.

ఆ బుధవారమూ హుక్కు కబురు అందగానే అలాగే అడిగింది.

"ఇంకా పొయ్యే వెలిగించలేదే. కాస్త ఆయాసంగా ఉంటే, ఎండ అనుకుని కూర్చున్నా."

గోడలోంచి కుర్చీ గబుక్కున జరిగిన చప్పుడు. "కదలకండి, వస్తున్నా."

వచ్చి, మాస్కు పెట్టి, మందు ఎక్కించింది. సాయంత్రానికి మామ్మ ఊపిరి కుదుటపడింది, ఆకలీ వేసింది.

"మీరు లేవకండి," అని ఎస్తేరే వంటింట్లోకెళ్లి బీరకాయ పప్పుకి పోపు పెట్టింది. హుక్కు ఆ చిటపట విని కబురు పెట్టింది. అది ఎస్తేరు చేతి గడియారంలోనే మోగింది.

మామ్మ మాస్కు కాస్త పక్కకు జరిపి, కుర్చీలోంచే కేకేసింది.

"ఇవాళేం కూరే, ఎస్తేరూ?"