తులసి మాటకు అర్థం

పక్షవాతం వచ్చాక రామతులసి మాట ముద్దగా మారింది. పార్వతీపురంలో అలాంటి వాళ్లందరి ఇళ్లలోలాగే ఆ ఇంట్లోనూ లాప్‌టాప్ ఆమె మాట విని, అర్థం చేసుకుని, స్పష్టంగా పలికేది. దాని సాయంతోనే ఆమె పిల్లలకు లెక్కలు చెప్పేది.

కొత్తదైతే ఇంకా బాగా పలుకుతుందనుకుని, ఒకరోజు భర్త సింహాద్రి పాత సిస్టమ్ చెరిపేసి కొత్తది ఎక్కించాడు. మర్నాడు పాఠంలో తులసి "భిన్నాలు" అంటే అది "బిందెలు" అంది. పిల్లలు పగలబడి నవ్వారు. తులసి కళ్లు తుడుచుకుని లాప్‌టాప్ మూసేసింది.

సింహాద్రి దాన్ని చంకలో పెట్టుకుని మరమ్మతు దుకాణానికి పరిగెత్తాడు. దుకాణం నడిపే షకీలా మూడు గంటలు కుస్తీ పట్టి పాత సిస్టమ్‌ను తిరిగి తెచ్చింది.

"పాతదొచ్చేసింది బాబాయ్. కానీ ఆరేళ్లుగా నేర్చుకున్నదంతా పోయింది. పిన్ని మాటకి పక్కనెవరైనా కూర్చుని దీనికి మళ్లీ అర్థం చెప్పాలి."

"ఆరేళ్లుగా తులసి మాట నాను ఇంటన్నాను కదేటి? నానే సెప్తాను."

ఇంటికి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. ఆమె కోపంగా ఏదో గొణిగింది.

"ఏమన్నారు?" అని లాప్‌టాప్ అడిగింది.

సింహాద్రి బుర్ర గోక్కున్నాడు. "'ఈ మనిషికి బుద్ధి నేదు' అంది. రాసుకో."

తులసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇప్పుడేమన్నారు?"

"అది నాకు. నువ్వు రాసుకోనక్కర్లేదు," అన్నాడు సింహాద్రి.