కింది మూల గది

"ఆ హోటల్ వద్దండీ. సముద్రం దగ్గరికి దిగాలంటే అరవై నాలుగు మెట్లు."

ట్రావెల్ ఆఫీసు సోఫాలో పక్కన కూర్చున్న పెద్దాయన ఆ మాట అనగానే బేకరీ యజమాని చేతిలోని హోటల్ బ్రోచర్ మీంచి తలెత్తి చూశాడు.

ముక్కూమొహం తెలియని మనిషి. పైగా అడగని సలహా.

తొమ్మిదేళ్లలో బేకరీకి ఇదే మొదటి సెలవు. ఆరు రోజులు పొయ్యి ఆర్పేసి, ఇంటిల్లిపాదీ ఆ ద్వీపదేశం చూసి రావాలని అనుకున్నారు. జలపాతం, లైట్‌హౌసు, కొబ్బరితోటలు, సముద్రం. ఏ రోజు ఏది చూడాలో భార్య కాగితం మీద రాసింది. ఆ కాగితం ఇప్పటికి నాలుగుసార్లు చిరిగింది. జలపాతం ముందన్నది ఆవిడ, లైట్‌హౌసు ముందన్నది ఆయన.

అత్తగారికి మాత్రం సముద్రం చాలు.

డెబ్బై ఏళ్లొచ్చినా ఆవిడ సముద్రం చూడలేదు. బేకరీ పెట్టిన కొత్తలో పనివాళ్లు దొరక్క అల్లుడు దిక్కులు చూస్తుంటే, కొంగు బిగించి రెండేళ్లు పిండి పిసికింది ఆవిడే. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి.

"మాకు మెట్లు కుదరవని మీకెవరు చెప్పారు?"

"ఇందాక మీరే ఫోన్లో అన్నారు కదండీ. అత్తగారు మెట్లు దిగలేరు, అల ఆవిడ పాదాలకి తగిలితే చాలు అని."

నిజమే. బేకరీ యజమానిది చిన్న గొంతు కాదు.

"అదే కొండ కింద చిన్న గెస్ట్‌హౌసు ఉంది," అన్నాడు పెద్దాయన. "కింది మూల గది అడగండి. తలుపు తీస్తే ఇసుకే. గుమ్మం ముందు కుర్చీ వేస్తే అల దానంతటదే వస్తుంది. లైట్‌హౌసుకి పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే ఎక్కలేరు. జలపాతం ఎప్పుడైనా సరే."

"మీరు వాళ్ల తరఫు మనిషా?"

"కాదండీ."

"ఎంతో కొంత ముట్టకుండా ఇంత శ్రద్ధ ఎవరికుంటుందండీ?"

అటుపక్కన కూర్చున్న భార్య మోచేత్తో పొడిచింది. పెద్దాయన మొహం చిన్నబోయింది. అంతలోనే సర్దుకుని నవ్వాడు.

"అడగడంలో తప్పులేదు లెండి."

భార్య లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లి ఆ గది సంగతి అడిగింది. గుమస్తా ఫోన్ చేసి తల అడ్డంగా ఊపాడు.

"వానలకి ముందు ఇదే ఆఖరి వారం మేడమ్. మొత్తం నిండిపోయింది. ఆ మూల గదైతే ఎవరో ఎప్పుడో చెప్పిపెట్టుకున్నారట."

"విన్నారా?" అన్నాడు బేకరీ యజమాని, పందెం గెలిచినవాడిలా.

పెద్దాయన చేతిలోని టోకెన్‌ని అటూ ఇటూ తిప్పాడు.

"ఆవిడ ఇదివరకు ఒక్కసారి కూడా చూడలేదామ్మా?"

"సినిమాల్లో చూసిందండీ," అంది భార్య.

"రెండు రోజులాగి మళ్లీ అడగండి."

తన వంతు రాకుండానే లేచి వెళ్లిపోయాడు.

"ఏసీ కోసం వచ్చి కూర్చునే బాపతు," అని తేల్చేశాడు బేకరీ యజమాని.

మూడో రోజు గుమస్తా ఫోన్ చేశాడు. గది ఖాళీ అయింది.

"చూశావా, నా అదృష్టం," అన్నాడు భార్యతో.

తలుపు తీస్తే నిజంగానే ఇసుక. అత్తగారు కుర్చీలో కూర్చుని పాదాలు చాపింది. అల వచ్చి తడిపి వెళ్లింది. ఆవిడ ఉలిక్కిపడి, చీర పైకి లాక్కుని, చిన్నపిల్లలా నవ్వింది.

"ఇది ఇలా వస్తూనే ఉంటుందా నాయనా?"

"వస్తూనే ఉంటుందత్తయ్యా."

"విశ్రాంతే ఉండదా?"

"మన పొయ్యికి తొమ్మిదేళ్లుగా ఉందా ఏంటి?"

మర్నాడు జలపాతానికి రమ్మంటే రానంది. "మీరు వెళ్లిరండి. నాకిక్కడ పనుంది," అంది, కళ్లు నీళ్ల మీదనుంచి తిప్పకుండా. ఆరు రోజులూ ఆవిడ చేసిన పని అదే. తిండి కూడా కుర్చీ దగ్గరికే తెప్పించుకుంది. మోకాళ్ల మాటే ఎత్తలేదు.

లైట్‌హౌసుకి పొద్దున్నే వెళ్లారు. దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. కింద నిలబడ్డవాళ్లు పైకి చూసి వెనక్కి తిరుగుతున్నారు.

"ఆ పెద్దాయన్ని వెతికి పట్టుకోవాలి. పెద్ద కేకు చేసి ఇస్తాను," అన్నాడు బేకరీ యజమాని.

"ముందు క్షమించమని అడగండి. కేకు తర్వాత," అంది భార్య.

వెళ్లే రోజు తాళం చెవి ఇస్తూ గెస్ట్‌హౌసు యజమానురాలితో అన్నాడు. "ఎవరో మానుకోబట్టి మాకు ఈ గది దొరికింది. వాళ్లు చల్లగా ఉండాలి."

"మానుకోవడం ఏమిటండీ, మీకే ఇచ్చేశారు," అందావిడ. "పద్దెనిమిదేళ్లుగా ఏటా ఇదే వారం ఇదే గదిలో దిగే మనిషి. ఎప్పుడూ లేనిది ఫోన్ చేశారు. సముద్రం చూడని ఒక పెద్దావిడ వస్తున్నారు, నా గది వాళ్లకివ్వండి అన్నారు."

బేకరీ యజమాని కళ్ల ముందు ట్రావెల్ ఆఫీసు సోఫా కదిలింది.

"పోనీ, వానలు తగ్గాక ఆయన్ని పిలవండి. గది మేం చెప్పిపెడతాం. ఆయన ఎన్నాళ్లుంటే అన్నాళ్లు."

ఆవిడ తాళం చెవిని మేకుకి తగిలించి, అటే చూస్తూ మెల్లగా చెప్పింది.

"అప్పటికి చూపు పూర్తిగా పోతుందని డాక్టర్లు చెప్పారట బాబూ, సముద్రాన్ని ఆఖరిసారి చూసుకుందామనే ఈ వారం చెప్పిపెట్టుకున్నారాయన."