నడిమధ్య మాట

"లాడ్జి పేజీలో ఖాళీ గదులు లేవని వస్తా ఉండాది మే! డేటాబేసులో పదకొండు ఉండాయి కదా?" అన్నాడు గిరిప్రసాద్.

చిత్తూరులోని ఆ వెబ్‌సైట్ల దుకాణం అతనిది; అందులో జీతం లేని ప్రోగ్రామరు అతని భార్య కోమలి. తిరుపతి కంపెనీ ఇవ్వజూపిన ఉద్యోగానికి ఆమె ఆ సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. ఆమె ఉద్యోగానికి పోతే బిడ్డను చూసుకోవలసిన అత్తగారు సుబ్బులమ్మది తమిళనాడులోని ఆరణి. ఆమెకు తెలుగు రాదు, కోమలికి తమిళం రాదు.

"పేజీ సరిగ్గానే అడిగింది. డేటాబేసూ సరిగ్గానే చెప్పింది. ఒకరి భాష ఇంకొకరికి తెలీదు. నడిమధ్య ఉండే డ్రైవరు ప్రోగ్రామే ఈ మాట ఆడ, ఆ మాట ఈడ చెప్పాల. ఆ పాత డ్రైవరే ఏమీ లేదని చెప్తా ఉండాది."

"అయితే మార్చు."

మార్చింది. పదకొండు గదులూ వరసగా కనిపించాయి. కోమలి వాటి మీది నుంచి చూపు తిప్పి భర్తను అడిగింది.

"నిన్న అత్త ఏమనింది?"

"కుదరదనింది."

"అంతేనా?"

"అంతే."

నిన్న సుబ్బులమ్మ మనవరాలికి జడ వేస్తూ, నవ్వుతూ కొడుకుతో చాలాసేపు మాట్లాడింది.

కోమలి లేచి, దుకాణం గడపలో ఉన్న అత్తగారి ఒడిలో బిడ్డను కూర్చోబెట్టింది. ఉద్యోగం కాగితం చూపించి, తన గుండె మీద చేయి వేసుకుని, వీధిలో పోతున్న తిరుపతి బస్సు వైపు వేలు చూపింది.

సుబ్బులమ్మ బిడ్డను దగ్గరకు పొదువుకుని, కొడుకును ఏదో గట్టిగా అడిగింది.

"ఏమంటా ఉండాది?" అంది కోమలి.

గిరిప్రసాద్ తెర మీది గదులను లెక్కపెట్టుకుంటూ చెప్పాడు.

"'నిన్ననే పొమ్మన్నాను కదరా, దానికి చెప్పలేదా?' అంటా ఉండాది."