పదకొండు దేశాల అనుభవం

మార్చి ఏడున బగారన్నం, పొట్టేలు కూర పెట్టి, శాలువా కప్పి సుదర్శన్‌ను వనపర్తి నుంచి మస్కట్‌కు సాగనంపారు.

పల్లీలు ఎగుమతి చేసే కంపెనీ అక్కడ కొత్తగా బ్రాంచి తెరిచింది. సుదర్శన్ దానికి డైరెక్టర్. ఆయనకు పదకొండు దేశాల అనుభవం. దేశానికి నాలుగు రోజుల సదస్సు చొప్పున.

ఆయన కింద పనికి యేసయ్యను పెట్టుకున్నారు. పెద్దమందడి మనిషి. పదహారేళ్లుగా మస్కట్ మార్కెట్లో బస్తాలు మోస్తున్నాడు. అతని దరఖాస్తులో 'అంతర్జాతీయ అనుభవం' అన్నచోట ఆఫీసువాళ్లే 'లేదు' అని రాసుకున్నారు.

మొదట్లో పల్లీలు గోదాములోనే ముక్కిపోయాయి. జులై నుంచి మాత్రం ఎంత పంపినా చాలలేదు.

"అనుభవమంటే గిది!" అని చైర్మన్ హన్మంతు అందరికీ చెప్పుకున్నాడు.

అక్టోబరులో ఒక రాత్రి ఆయనే సుదర్శన్‌కు వాట్సాప్‌లో ఫోన్ చేశాడు.

"యేసయ్యను తీసేద్దామనుకుంటున్న. ఆయన జాగల మా మేనల్లుడు దినేష్ వస్తడు. ఎంబీఏ. సింగపూర్ గిట్ట తిరిగొచ్చిండు."

సుదర్శన్ మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"వద్దు సార్! యేసయ్య బిడ్డ రేణుక నర్సింగ్ చదువుతున్నది. నౌకరీ పోతే పిల్ల చదువు బందయితది."

"మూటలు మోసేటోనికి మీ వకాల్తా ఏంది?"

"కావాలంటే నా జీతంల సగం కోసుకోండ్రి. ఆయన్ని మాత్రం కదిలించకుండ్రి. మీకు దండం పెడత."

ఫోన్‌లో ఏదో వినిపించింది.

"మేక అరుస్తున్నదేంది?"

"ఒమానోళ్లకు మేకలంటే పానం సార్."

హన్మంతు కళ్లు చెమర్చాయి. కింది మనిషి కోసం సగం జీతం వదులుకునే డైరెక్టర్‌ను ఆయన ఇంతవరకు చూడలేదు.

"సరే, ఉండనీ యేసయ్యను. పదకొండు దేశాలు తిరిగిన దిల్ గిట్లనే ఉంటది!"

నాగర్‌కర్నూలు హాస్టల్లో ఉన్న రేణుకకు, తన చదువు ఐదు నిమిషాల పాటు ఆగి మళ్లీ మొదలైన సంగతి తెలియనే తెలియదు.

మస్కట్ ఉక్క తట్టుకోలేక జూన్ ఆఖరులోనే బ్రాంచిని యేసయ్యకు వదిలేసి, వనపర్తిలో ఎవరికీ చెప్పకుండా పారిపోయి వచ్చిన సుదర్శన్, ఫోన్ పెట్టేసి, కల్వకుర్తిలోని తన అద్దె గది తలుపు చప్పుడు కాకుండా మూసుకున్నాడు.