పెదవి నుంచి తోక దాకా

పువ్వు నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. దాని ముందు బురదలో బోర్లా పడుకుని నేను. నా వెనక గొడుగు పట్టుకుని గుద్వైగ్ అవ్వ. ఎనభై ఏళ్ల మనిషి. ఆ చిత్తడి నేలను ఆనుకునే ఆమె ఇల్లు. పువ్వును మొదట చూసిందీ ఆమే.

"నిన్న తీశావుగా అబ్బాయ్. మళ్లీ వచ్చావేం?"

"నిన్నటిది కుదర్లేదవ్వా."

ఆ పువ్వు అరుదైన ఆర్కిడ్ అయితే అక్కడ కొత్త రోడ్డు పడదు. మామూలు రకమైతే పడుతుంది. కోయకూడదు కాబట్టి ఫొటో పంపాలి. మా ఆఫీసులో మంచి కెమెరా ఉన్నవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి పని నా నెత్తిన పడింది. కెమెరా క్లబ్బులో పదకొండేళ్లుగా ఉన్నాను. ఒక్క బహుమతీ రాలేదు గానీ, సలహాలివ్వడంలో నన్ను మించినవాడు లేడు.

నిన్న అపెర్చర్ 2.8లో పెట్టాను. లెన్సు కన్ను పూర్తిగా తెరిచానన్నమాట. వెనకున్న గడ్డి అంతా వెన్నలా కరిగిపోయింది. పువ్వు పెదవి మీద, అంటే ముందుకు వేలాడే రేకు మీద, ఒక్క నీటి చుక్క తళుక్కుమంది. కళాఖండం అనుకుని బెర్గెన్ నగరంలో ఉన్న వృక్షశాస్త్రవేత్త రాగ్న్‌హిల్డ్‌కి పంపాను.

ఆమె ఫోన్ చేసింది.

"చాలా అందంగా ఉంది. గోడకి తగిలించుకోండి. ఏ రకమో తేల్చాలంటే మాత్రం నాకు ముందున్న పెదవి, వెనక తోకలా సాగిన గొట్టం రెండూ కనపడాలి. మీ ఫొటోలో తోక పొగమంచులో కలిసిపోయింది. రేపు సాయంత్రంలోగా ఇంకోటి రాకపోతే మామూలు రకమని రాసేస్తాను."

గోడకి తగిలించుకోమన్న మాట ముల్లులా గుచ్చుకుంది.

అందుకే ఈ బురద. ముందు 22 పెట్టాను. అంకె పెద్దదైతే లెన్సు రంధ్రం చిన్నది. పెదవి నుంచి తోక దాకా అంతా ఫోకస్‌లోకి వచ్చింది గానీ, రంధ్రం మరీ చిన్నదై అంచులు కాస్త మొద్దుబారాయి. పైగా వెలుతురు చాలక షట్టర్ తీరిగ్గా మూసుకునేలోపు పువ్వు గాలికి తలూపింది, నీ వల్ల కాదన్నట్టు.

"అంత పెద్ద కెమెరా, ఇంత చిన్న పువ్వు," అంది అవ్వ. "మధ్యలో నువ్వే అడ్డమైనట్టున్నావు."

"గొడుగు కాస్త కిందికి దించవ్వా."

దించింది. "నువ్వింత కష్టపడతావనుకోలేదు. ఏం చేస్తున్నావో తెలిసే చేస్తున్నావా?"

"అపెర్చర్ సంగతి నాకొదిలెయ్."

ఈసారి 11 పెట్టాను. బుర్ర కూడా పెట్టాను. ఎదురుగా తీస్తే తోక దూరమైపోతుంది. పక్కనుంచి తీస్తే పెదవీ తోకా లెన్సుకి ఒకే దూరంలో ఉంటాయి. పదకొండేళ్లుగా క్లబ్బులో అందరికీ చెబుతున్న మాటే. నేను చేయడం అదే మొదలు.

నలభై నిమిషాలు దోమలకు విందు. చివరికి గాలి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టి నొక్కాను.

తెర మీద చూస్తే తోక కొడవలిలా వంగి, చివర నూగుతో సహా కనిపించింది. నా జన్మలో అలాంటి ఫొటో తీయలేదు. అవ్వకి చూపించాను. ఆమె ఫొటోని కాక నన్ను చూసింది.

"పంపిస్తావా?"

"పంపించక?"

బురద వేలితోనే పంపించాను.

మరుసటి వారం ఊరి సమావేశంలో రాగ్న్‌హిల్డ్ ఉత్తరం చదివారు. అరుదైన రకమే. ఆ నేల మీద రోడ్డు వేయరాదని తేల్చేశారు. ఫొటో తీసిందెవరో చెప్పగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గుద్వైగ్ అవ్వ జామ్ పూసిన వాఫిల్ అట్టు తెచ్చి నా చేతిలో పెట్టి, భుజం తట్టింది.

చప్పట్లు ఆగాక, బల్ల మీద పరిచి ఉన్న రోడ్డు నక్షాలు చుట్టి చంకలో పెట్టుకున్నాను. మూడేళ్లు కూర్చుని ఆ రోడ్డు గీసిన ఇంజనీరుని నేనే.