ఎడమ చేతి గోళ్ళు

“ఎక్కడికని అడిగితే చెప్పవు. పోనీ ఎందుకో చెప్పు,” అన్నాడు గడియారాలాయన మంచం మీద నుంచే.

“ఊరికేనండీ, కాస్త గాలికి,” అంది ఆయన భార్య, చెప్పులు వేసుకుంటూ.

“రెండు గంటల గాలా?”

“మాత్రలు ఎక్కడున్నాయో అన్నయ్యగారికి చూపించాను. ఆయన్ని విసిగించకండి.” తలుపు దగ్గరకి వేసి వెళ్ళిపోయింది.

నలభై ఏళ్ళు చేతి గడియారాలు బాగుచేసిన మనిషాయన. కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత చక్రానికి పన్ను విరిగినా పట్టేసేవాడు. అలాంటివాడికి సొంత పెళ్ళాం గురువారం గురువారం మూడింటికి ఎక్కడికి వెళుతోందో అంతుపట్టడం లేదు. జబ్బు కన్నా అదే ఎక్కువ సలుపుతోంది.

ఇక తాము చేసేదేమీ లేదు, ఇంటి దగ్గర నొప్పి తెలియకుండా చూసుకోండని ఆస్పత్రివాళ్ళు పంపేసి రెండు నెలలైంది. సోమవారాలు నర్సమ్మ వచ్చి చూసి, మందు అటూ ఇటూ మార్చి వెళుతుంది. ఆవిడే ఒకరోజు ఇల్లాలి కళ్ళ కింద నలుపు చూసి, “వారానికి రెండు గంటలైనా మీరు ఈ గది దాటకపోతే, ఇక్కడ రెండో మంచం వెయ్యాల్సొస్తుందమ్మా” అని, గురువారాలు తోడు కూర్చోవడానికి ఒకాయన్ని పంపింది. ఇల్లాలు అన్నయ్యగారని పిలిచే ఆయనే గడియారాలాయనకి ‘గురువారం ఆయన’. “ఇంట్లోవాళ్ళు పెడితే మారాం చేస్తారు. బయటివాళ్ళు పెడితే మొహమాటానికైనా తింటారు,” అని కూడా అంది నర్సమ్మ. ఆ మాటా నిజమే అయింది. భార్య చేతి జావకి రెండు చెంచాలకే మొహం తిప్పేసే మనిషి, గురువారం ఆయన పట్టిస్తే ఆరు తాగుతున్నాడు.

మొదటి వారం ఆవిడ ఏడుపు మొహంతోనే వెళ్ళింది. మూడో వారం వచ్చేటప్పుడు తనలో తనే నవ్వుకుంటూ వచ్చింది. కిందటి వారం మరీ విడ్డూరం, ఎడమ చేతి గోళ్ళకి గులాబీ రంగు. పెళ్ళినాడు కూడా గోళ్ళ రంగు ముట్టని మనిషి! కుడి చేతికి లేదు. ఎడమ చేతికైనా చిటికెన వేలి దగ్గర, వేసేవాళ్ళకి ఓపిక అయిపోయినట్టు, సగంలో ఆగిపోయింది.

“ఈ పక్కకి తిరుగుదామా బావగారూ?” గురువారం ఆయన నడుము కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి పెట్టి, దుప్పటి ముడత పడకుండా తిప్పేశాడు.

“ఇంత ఒడుపు ఎక్కడ నేర్చారండీ?”

“ఇంటి దగ్గరే లెండి.”

“మా ఆవిడ ఎక్కడికి వెళుతోందో మీకు తెలుసు.”

జావ గిన్నెలో చెంచా ఒక్క క్షణం ఆగింది. “నేను ఇక్కడే కదా ఉంటాను, నాకెలా తెలుస్తుంది?”

గడియారాలాయనకి చిక్కంతా అక్కడే. ఆ మనిషి చొక్కా చేతి అంచున అదే గులాబీ రంగు చుక్క ఎండిపోయి ఉంది. అనుమానపడదామా అంటే, ఆవిడ బయట ఉన్నంతసేపూ ఈయన ఈ ఇల్లు వదలడు. ఏ చక్రం ఏ చక్రంలోనూ పడడం లేదు.

“దానికి ఒంట్లో బాగాలేదా? నాకు తెలియకుండా డాక్టరుకి చూపించుకుంటోందా?”

“అబ్బే, చెల్లెమ్మ రాయిలా ఉంది.”

“చూడండి బావగారూ, నాకింక నెలో, ఇంకో నెలో. నేను పోతే దానికి పలకరించే దిక్కు లేదు. అది ఎవరి దగ్గర నవ్వుతోందో తెలిస్తే నిశ్చింతగా కళ్ళు మూస్తాను. కోపం కోసం కాదు.”

గురువారం ఆయన చెంచాతో జావ కలిపాడు. “మాటిచ్చానండీ.”

“ఎవరికి?”

“ఆరో చెంచా తాగండి.”

తాగించి, మూతి తుడిచి, గిన్నె కడగడానికి వంటింట్లోకి వెళ్ళాడు. ఫోను మాత్రం మంచం పక్కన స్టూలు మీదే మరిచిపోయాడు. ప్రతి గురువారం సరిగ్గా నాలుగున్నరకి ఆ ఫోను మోగుతుంది. ఆయన దాన్ని పట్టుకుని వసారాలోకి వెళ్ళి, గుసగుసగా నాలుగు ముక్కలు మాట్లాడి వస్తాడు.

గోడ గడియారం నాలుగున్నర చూపించింది. ఫోను మోగింది. వంటింట్లో కుళాయి హోరులో ఆయనకి వినబడలేదు.

పరాయివాళ్ళ ఫోను ఎత్తడం తప్పేనని గడియారాలాయనకి తెలుసు. చెయ్యి చాపి, పచ్చ గుర్తు మీద వేలు పెట్టి, చెవికి ఆనించుకున్నాడు. హలో అనలేదు.

అవతలి నుంచి తన భార్య గొంతు వినిపించింది.

“అన్నయ్యగారూ, వదిన నా చేత్తో ఆరు చెంచాలూ తాగింది, మరి మా ఆయన?”