దిష్టిపూస

ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ, ఇది వీధిలోకి వినబడేలా చెప్పే సంగతి కాదు.

కన్నడసీమలోని చన్నపట్నంలో చిక్కతాయమ్మ అని ఒకావిడ. లక్కబొమ్మలు చేసే ఇల్లు.

కొడుకు సిద్దరాజు గిలక్కాయలు చేసి, ఫోన్‌లోనే జర్మనీ దాకా అమ్మేవాడు. ఈవిడ డబ్బాల్లో సర్దేది.

సర్దేటప్పుడు ప్రతి గిలక్కాయ పిడికీ నల్లదారంతో ఒక దిష్టిపూస కట్టేది. ఏ తల్లి కన్న బిడ్డో, చల్లగా ఉండాలి కదా అని.

ఒకనాటి పొద్దున సిద్దరాజు ఫోన్ పట్టుకుని లోపలికి వచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అమ్మా, మన అంగడి మూసేశారు."

"ఎవడ్రా మూసింది? తలుపు బార్లా తెరిచే ఉందిగా!"

"ఫోన్‌లో అంగడమ్మా. జర్మనీలో ఒక పసిబిడ్డ గొంతులో మన పూస ఇరుక్కుందట. పసిపిల్లల బొమ్మకి ఊడొచ్చే ముక్క ఏదీ ఉండకూడదని అక్కడి చట్టం. మనం పరీక్షకి పంపిన బొమ్మకి పూస లేదు, అమ్మినదానికి ఉంది. మోసమని కేసు పెడతారట."

చిక్కతాయమ్మ చేతిలో దారపుండ జారి మంచం కిందికి దొర్లిపోయింది.

"బిడ్డకెలా ఉందిరా?"

"అది చెప్పలేదు."

"కట్టింది నేను. నన్ను పట్టుకుపోతారా?"

"నీ పేరెక్కడుందమ్మా అందులో? పట్టుకుంటే నన్నే."

ఆ మాట విన్నాక ఆవిడకు అన్నం సయించలేదు. వీధిలో బండి ఆగితే చాలు, తలుపు చాటుకు పోయేది. ఇంట్లో ఉన్న పూసలన్నీ మూటగట్టి పెరట్లో పూడ్చిపెట్టింది.

ఆ వారంలోనే వాకిట్లో ఆటో ఆగింది. ఒక తెల్లావిడ దిగింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో వీళ్ల గిలక్కాయ.

"ఆఫీసరే! నువ్వు నోరు విప్పావో, నేను జైల్లో ఉంటా," అని గొణిగాడు సిద్దరాజు.

ఆమె తన భాషలో ఫోన్‌కి ఏదో చెప్పింది. ఫోన్ కన్నడంలో అడిగింది.

"దీనికి పూస కట్టింది ఎవరు?"

"మాకు తెలీదు మేడమ్. దారిలో ఎవరైనా కట్టుంటారు."

ఆమె ముసలావిడ వైపు తిరిగింది. "మీరు కట్టారా?"

చిక్కతాయమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "నేను కాదు తల్లీ."

"ఎందుకు కడతారో చెప్పినా చాలు."

"నాకేం తెలుసు! మా ఇంట్లో అలాంటివి కట్టం."

ఆమె ఫోన్ ఆపేసింది. తర్వాత తల వంచుకుని ఆటో ఎక్కింది.

"గండం గడిచిందమ్మా," అన్నాడు సిద్దరాజు.

సాయంత్రం, ఆమెను తెచ్చిన ఆటో మాదేవు మళ్లీ వచ్చాడు. మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"ఏం మనిషివి అజ్జీ! నీ చేతి పూస కట్టని ఉయ్యాల ఈ వీధిలో ఉందా? ఆమె ముందు కాదంటావా?"

"మెల్లగా నాయనా! నిజం చెబితే నా కొడుకుని లాక్కుపోదూ?"

"లాక్కుపోతుందా! దారంతా ఆ ఫోన్‌తోనే చెప్పుకుని ఏడ్చింది. కేసు పెట్టమని అందరూ పోరుతుంటే ఆగిందట. పిల్లలు చల్లగా ఉండాలని కడతారని మనదేశపు స్నేహితురాలెవరో చెప్పిందట. ఆ ఒక్క మాట కట్టినవాళ్ల నోట వింటే, వీళ్లు మోసగాళ్లు కారు, పూస మానేస్తే చాలని రాసిచ్చేద్దామని వచ్చిందట."

చిక్కతాయమ్మ గడప మీద కూలబడింది. "మరి ఇప్పుడో?"

"ఇప్పుడేముంది? రైల్వే స్టేషన్ దగ్గర దిగుతూనే ఎవరికో ఫోన్ చేసింది. కేసు పెట్టేయమన్నానని ఆ ఫోన్‌తోనే నాకూ చెప్పింది."

చిక్కతాయమ్మ గోడ పట్టుకుని లేచింది.

"ఆ బిడ్డ సంగతి... ఆమెకేమైనా తెలుసా నాయనా?"

"ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అజ్జీ? దక్కిందట."

మరిచిపోకు తల్లీ, నీవాళ్లకీ ఇలాగే చెప్పు. ఆ రోజు ఆ వాకిట్లోంచి తిరిగివెళ్లిపోయింది ఆఫీసరు కాదు, ఆ బిడ్డను కన్నతల్లి.